నూట పన్నెండో పేరు

మా జిల్లాలో ఎవరి ప్రాణమైనా పొరపాటున పోవచ్చుగాని, ఎవరి పేరైనా పొరపాటున ఇంకొకరి పేరు కింద పడటానికి వీల్లేదు. ఆ సంగతి చూసేవాణ్ణి నేనే. పట్నాయకుని వైకుంఠరావు, సూపరింటెండెంటు, ప్రోటోకాల్ విభాగం. శిలాఫలకాల మీద ఎవరి పేరు తరవాత ఎవరి పేరు చెక్కాలో పంతొమ్మిదేళ్ళుగా తేల్చి, సంతకం పెట్టి, రాళ్ళు చెక్కేవాళ్ళకి అందజేస్తున్నాను.

ఇదేం పని అనుకునేవాళ్ళు మా బస్టాండు మరుగుదొడ్ల కథ వినాలి. వాటి ప్రారంభ ఫలకం మీద ఒక ఉపాధ్యక్షుల వారి పేరు అయిదో వరుసలో ఉండవలసింది ఆరో వరుసలో పడింది. ఆయన మరుగుదొడ్ల ముందే టెంటు వేసుకుని నిరాహారదీక్షకు కూర్చున్నారు. ఇద్దరు అధికారులు బదిలీ అయ్యారు. కొత్త ఫలకం వచ్చేదాకా తొమ్మిది నెలలు మరుగుదొడ్లకి తాళం వేసి ఉంచాం. ఆ తొమ్మిది నెలలూ ప్రయాణికులు ఏం చేశారో మా రికార్డుల్లో లేదు.

అలాంటి మా ఆఫీసు మీదికి వీర శౌర్య దినోత్సవం వచ్చిపడింది. యుద్ధాల్లో ప్రాణాలిచ్చినవాళ్ళ త్యాగాన్నీ ధైర్యాన్నీ తలుచుకోవడానికి దేశమంతటా సెలవు ప్రకటించారు. సెలవనే మాట చదివి మావాళ్ళు ఆనందించేలోపే రెండో పేజీ వచ్చింది. ఆ రోజు ఉద్యోగులందరూ విధిగా హాజరు కావాలని అందులో ఉంది. మూడో పేజీలో ఉన్నది నా పని. అమరుడు పుట్టిన ఊళ్ళో ఒక స్మారక శిల నిలపవలెను. దానిపై అమరుని పేరుతోపాటు సంబంధిత ప్రముఖులందరి పేర్లనూ ప్రోటోకాల్ ననుసరించి చెక్కవలెను. ఏ ఒక్క పేరు విడిచిపెట్టినను తీవ్రముగా పరిగణింపబడును.

మా డివిజన్ మొత్తానికి అమరుడు ఒక్కడే దొరికాడు. లాన్స్ నాయక్ చింతాడ పోలినాయుడు, ఊరు తాటివలస. పాతికేళ్ళ కిందట ఎక్కడో మంచుకొండ మీద, గాయపడిన తోటివాళ్ళని ఒక్కొక్కరినే భుజాన వేసుకుని కిందికి దించుతూ, నాలుగో మనిషి కోసం మళ్ళీ పైకెక్కి ప్రాణం పోగొట్టుకున్నాడు. పెళ్ళి కాలేదు. మిగిలింది అక్క ఒక్కతే. ఆమె పేరు పారమ్మ.

వివరాలు రాసుకోవడానికి తాటివలస వెళ్ళాను. పారమ్మ జీడిపిక్కలు కొట్టే పనికి పోతుంది. ఆ జీడినూనె అంటుకుని వేళ్ళు నల్లగా మాడిపోయి ఉన్నాయి. చూపు కూడా బాగా తగ్గింది, ఇక తిరిగి రాదని డాక్టర్లు చెప్పేశారట. ఇంట్లో ఒక మూల సైన్యం వాళ్ళు పంపిన నల్లటి ట్రంకు పెట్టె. మూత మీద తెల్ల రంగుతో అతని నంబరూ పేరూ. పారమ్మ నా ఎదుటే ఆ పేరు మీద వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే చదివింది. రంగు చాలాచోట్ల రాలిపోయింది. రోజూ తడిమి తడిమి తనే అరగదీసిందని తరవాత అర్థమైంది.

"నాకు సదువు రాదు బాబూ. ఈ అయిదచ్చరాలే వచ్చు, పెట్టి మీద సూసి నేర్సుకున్నాను," అంది. "ఇప్పుడు సూపూ పోతంది, రంగూ పోతంది. రాయి మీద సెక్కితే పోదు గదా. పైనెక్కడో ఎయ్యకండి. నా సెయ్యి అందేకాడ సెక్కండి, అంతే సాలు."

నేను ఆ మాట డైరీలో రాసుకున్నాను. శాలువా కావాలా, సన్మానపత్రం ఏ భాషలో ఉండాలి లాంటి ప్రశ్నలకు నా ఫారంలో గళ్ళున్నాయి. చెయ్యి అందే ఎత్తుకు గడి లేదు. అందుకని మార్జిన్‌లో రాశాను.

మర్నాడు సమీక్షా సమావేశం. ఉత్సవాల ప్రత్యేకాధికారి భుజంగరావు గారు అధ్యక్షత వహించారు. ఆయన మంచినీళ్ళు అడిగినా తీర్మానంలాగే వినిపిస్తుంది. నేను పద్నాలుగు పేర్ల జాబితా ముందు పెట్టి, మొదటి పేరు పోలినాయుడిది వేస్తే బాగుంటుందేమోనని నసిగాను.

"అమరుడికి అగ్రస్థానం ఇవ్వాలన్న మీ సద్భావనను ఈ సమావేశం హర్షిస్తోంది వైకుంఠరావుగారూ," అన్నారు భుజంగరావు గారు. "అయితే సద్భావన వేరు, ప్రాధాన్యక్రమం వేరు. అమరుడి పేరు గౌరవనీయుల పేర్లకు పైన ఉంటే, రేపు సభాహక్కుల నోటీసు వచ్చినప్పుడు జవాబు ఎవరు చెప్తారు? అమరుడు చెప్తాడా?"

అమరుడు చెప్పడని సమావేశం ఏకగ్రీవంగా ఒప్పుకుంది. ఆయన వరుస ఎక్కడో తేల్చమని రాజధానికి లేఖ రాశాం.

ఈలోగా 'సంబంధిత ప్రముఖులందరూ' అన్న ముక్క జిల్లా అంతా పాకింది. సంబంధం లేదని ఒప్పుకునే శాఖ ఈ దేశంలో ఎక్కడైనా ఉంటుందా? అమరుడు చిన్నప్పుడు ఊరి చెరువులో ఈదాడు కాబట్టి మత్స్యశాఖ వచ్చింది. కోడిగుడ్లు తిని బలపడ్డాడని పశుసంవర్ధక శాఖ వచ్చింది. సైన్యంలో చేరడానికి తమ బస్సులోనే వెళ్ళాడని రవాణావాళ్ళు టిక్కెట్టు లేకుండానే వాదించారు. అన్నిటికంటే గట్టి వాదన విద్యాశాఖది. తాము పదో తరగతి తప్పించబట్టే ఆయన సైన్యంలో చేరాడని, పాసైతే ఇవాళ ఏ ఆఫీసులోనో గుమాస్తాగా బతికే ఉండేవాడని వాళ్ళు లిఖితపూర్వకంగా తెలిపారు. దాన్ని కాదనలేక వాళ్ళవి ఆరు పేర్లు చేర్చాం. పద్నాలుగు నలభై మూడైంది. పాలక పక్షం వాళ్ళ పేర్లు పెట్టాక ప్రతిపక్షం వాళ్ళవి, మాజీలవి, కాబోయేవాళ్ళవి పెట్టక తప్పలేదు. మొత్తం నూట పదకొండు తేలాయి.

రాజధాని నుంచి జవాబు కూడా అప్పుడే వచ్చింది. అమరుడు మరణించిన నాటి హోదాయే ప్రామాణికము. మరణము పదోన్నతిగా పరిగణింపబడదు. లాన్స్ నాయక్ హోదా జాబితాలోని చివరి ఉద్యోగి తరవాత వచ్చును. మా చివరి ఉద్యోగి భుజంగరావు గారి జీపు డ్రైవరు. అలా పోలినాయుడిది నూట పన్నెండో పేరైంది.

నాకు అప్పటికి బాధేమీ కలగలేదు. అబద్ధమెందుకు, జాబితా పూర్తయిందని తృప్తిగానే ఉంది. పైగా చివరి పేరు ఎప్పుడూ కిందే ఉంటుంది కాబట్టి పారమ్మ చెయ్యి అందుతుందని కూడా లెక్క వేసుకున్నాను.

నా లెక్క తప్పించినవాడు ఇంజనీరు కామేశం. నూట పన్నెండు పేర్లు, హోదాలు, బిరుదులు, పట్టేటంత రాయి ఇరవై నాలుగు అడుగులుండాలన్నాడు. ఏ రాయైనా ఊరికే నిలబడదు కాబట్టి మూడోవంతు భూమిలో పాతాలన్నాడు. ఎత్తు పెంచి గొడవ తప్పిద్దామంటే పైన కరెంటు తీగలున్నాయి. అంటే పదహారు అడుగులు పైన, ఎనిమిది అడుగులు భూమి లోపల.

"లోపలికి పోయేవి ఎన్ని పేర్లు?" అని భుజంగరావు గారు అడిగారు.

"ఎనభై ఒకటో పేరు నుంచి సార్," అన్నాడు కామేశం.

వార్త బయటికి పొక్కింది. ఎనభై ఒకటి నుంచి నూట పదకొండు దాకా ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా మా ఆఫీసు మీద పడ్డారు. బతికుండగానే మమ్మల్ని పాతేస్తారా అని ఒక మార్కెట్ కమిటీ సభ్యుడు నా బల్ల మీద తల బాదుకున్నాడు. ఆ పూట నాకు నెప్పి మాత్ర వేసుకోక తప్పలేదు. చివరికి భుజంగరావు గారు ఒక పరిష్కారం కనిపెట్టారు. అభ్యంతరాలు ఏడు రోజుల్లో రాతపూర్వకంగా ఇవ్వాలి. అభ్యంతరం ఇచ్చినవాళ్ళ పేర్లను, అక్షరాలు చిన్నవి చేసి, రెండు వరుసలుగా నేల పైభాగంలో సర్దుతారు. ఇవ్వనివాళ్ళు ఉన్నచోటనే ఉంటారు.

ముప్ఫై ఒక్క మంది మొదటి గంటలోనే అర్జీలిచ్చారు. జీపు డ్రైవరు రెండు ఇచ్చాడు. నేను పారమ్మ చేత ఒకటి పెట్టిద్దామని, ఎందుకో ఆమెకి చెప్పకుండానే వేలిముద్ర వేయించి తెచ్చాను. ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. భుజంగరావు గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. అర్జీ పేరున్న వ్యక్తే స్వయంగా పెట్టుకోవాలని నిబంధన ఉందని, బంధువుల ద్వారా పంపితే చెల్లదని అన్నారు.

ఎనిమిదో రోజున ఫైల్లో ఆయనే స్వహస్తంతో రాశారు. క్రమసంఖ్య నూట పన్నెండు నుంచి గడువులోగా ఎట్టి అభ్యంతరమూ అందలేదు. కావున వారికి సమ్మతమేనని భావించడమైనది.

ఆ విధంగా ఎనిమిది అడుగుల భూగర్భ భాగమంతా పోలినాయుడికి ఒక్కడికే దక్కింది. జాగా బోలెడుంది కదా అని రాయి చెక్కేవాడు అతని పేరు మాత్రం అరచేతంత అక్షరాలతో, వేలు దిగేటంత లోతుగా చెక్కాడు. అక్షరాలు తగ్గించమన్న ఆదేశం పైభాగానికే వర్తిస్తుంది కాబట్టి నేనూ అడ్డు చెప్పలేదు.

దినోత్సవం రోజు తాటివలసలో షామియానాలు, మైకులు, పోలీసు బ్యాండు. మంత్రిగారు వచ్చారు. రెండు నిమిషాలు మౌనం పాటించాలని జీవోలో ఉంది. కాని నూట పదకొండు పేర్లు వరసగా చదివి వేదిక మీదికి ఆహ్వానించేసరికి గంటా పది నిమిషాలు పట్టింది. అందుచేత మౌనాన్ని ఇరవై సెకన్లకు కుదించాం. అందులో పది సెకన్లు ఎవరిదో ఫోను మోగింది. వేదిక మీద అంతమంది ఎక్కాక కింద కూర్చున్నది పారమ్మ, ఆమె తోటి జీడి కార్మికులు ముగ్గురు, నేను.

శాలువా కప్పడం అయ్యాక పారమ్మ రాయి దగ్గరికి వెళ్ళింది. కుడిచెయ్యి చాపి కింద నుంచి మొదలుపెట్టింది. రెండు వరుసల్లో చీమల్లాంటి అక్షరాలు. ఒక్కొక్కటే తడుముతూ పైకి పోయింది. మునివేళ్ళ మీద లేచింది. మళ్ళీ మోకాళ్ళ మీదికి వంగి నేల అంటేదాకా తడిమింది. ఫొటోవాళ్ళు రాయికి దండం పెడుతోందనుకుని చకచకా తీసుకున్నారు. నేను చూస్తూ నిలబడ్డాను. అంతసేపు సిగ్గుపడటం నా ఉద్యోగంలో అదే మొదలు.

ఆమె నా గొంతు గుర్తుపట్టగలదు. పక్కకి వెళ్ళి, అమ్మా అన్నాను.

"ఏటి బాబూ, అందరూ ఉన్నారు, ఆడేడీ?" అంది.

కింద ఉన్నాడన్నాను. ఎంత కింద అంది. నాలుగడుగులు అన్నాను. ఆమె శాలువా తీసి మడిచి పక్కన పెట్టి, రాయి మొదట్లో మట్టి మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. విలేకరుల్లో ఒకడికి అనుమానం వచ్చి నన్ను పట్టుకున్నాడు. మరో అయిదు నిమిషాల్లో మంత్రిగారి ముందు మైకులు గుమిగూడాయి. అమరుడి పేరు మట్టిలో పాతారా అని అడిగారు.

మంత్రిగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "వీరుడే జాతికి పునాది. పునాది ఎక్కడుంటుంది?" అన్నారు. అంతా చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక కూడా మైకులు పక్కకి తొలగకపోవడంతో ఆయన ఇంకొంచెం ముందుకు వెళ్ళక తప్పలేదు. పునాదిని ప్రజలు కళ్ళారా దర్శించుకునేలా తక్షణం తవ్వి, మెట్లు కట్టి, వారసులకు అప్పగించాలని అక్కడికక్కడే ఆదేశించారు.

ఆదేశం రావడమే ఆలస్యం, కామేశం మనుషుల్ని దింపాడు. వారం తిరక్కుండా రాయికి ముందు వైపు అయిదడుగుల గొయ్యి, దిగడానికి సిమెంటు మెట్లు, చుట్టూ ఇనుప కంచె, కంచెకో గేటు తయారయ్యాయి. దానికి అమర దర్శన కుహరమని నామకరణం కూడా జరిగింది. పారమ్మ గేటు దాకా వచ్చింది. గేటుకు తాళం.

ఎందుకంటే కుహరాన్ని ఎవరూ ఇంకా ప్రారంభించలేదు. ప్రారంభించాలంటే ప్రారంభ ఫలకం కావాలి. ఫలకం మీద పేర్లుండాలి. రాయి మీది నూట పదకొండు మందిలో చోటు దొరకనివాళ్ళు ఈసారి ముందే మేలుకున్నారు. అర్జీలు నూట నలభై దాటాయి. భుజంగరావు గారు ఉపసంఘం వేశారు. ఉపసంఘం సభ్యుల పేర్లు ఏ వరుసలో ఉండాలో నన్ను తేల్చమన్నారు.

పారమ్మ జీడి పని అయ్యాక రోజూ సాయంత్రం వచ్చి గేటు పట్టుకుని నిలబడేదట. ఈ సంగతి కాపలావాడు నాకు ఫోనులో చెప్పాడు. తాళం తియ్యమంటారా బాబూ అని అడిగాడు. తియ్యమనడానికి నాకు అధికారం లేదు. తియ్యొద్దనడానికి నోరు రాలేదు. ఫోను సరిగా వినపడటం లేదని పెట్టేశాను. ఇరవై రెండు రోజులు అలా జరిగింది. అన్నాళ్ళూ నాకు అన్నం సయించలేదంటే మీరు నమ్మనక్కరలేదు.

ఇరవై మూడో రోజు తుఫాను వచ్చింది. మాకు తుఫాన్లు కొత్త కాదు, ప్రతి ఏడూ కార్తీకంలో చుట్టపుచూపుగా వస్తాయి. ఇది మాత్రం చుట్టంలా రాలేదు. తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా ఊళ్ళన్నీ ఊపేసి పోయింది. మూడో నాటికి రోడ్లు తేలాక, నష్టాల అంచనాకు నన్ను తాటివలస పంపారు.

కంచె లేదు. గేటు పక్క పొలంలో పడి ఉంది, తాళం మాత్రం వేసే ఉంది. ముందు గొయ్యి తవ్వి బలహీనం చేసిన ఇరవై నాలుగడుగుల రాయి గాలికి సరిగ్గా నేల మట్టానికి విరిగి, పైభాగం వెనక్కి వరిచేలో పడింది. మూడు ముక్కలైంది. నూట పదకొండు పేర్లూ బురదలో వెల్లకిలా ఆకాశం చూస్తున్నాయి. మొదటి ముక్క మీద ఒక గేదె నిలబడి ఉంది. ముక్కలైనా పేర్ల వరుస మాత్రం చెదరలేదని ముందుగా అదే రాసుకున్నాను. అలవాటు ఎక్కడికి పోతుంది?

నేల కింద ఉన్న భాగం మాత్రం ఇసుమంతైనా కదల్లేదు. గొయ్యిలోకి తొంగి చూశాను. చీలమండల లోతు నీళ్ళు. చివరి మెట్టు మీద పారమ్మ కూర్చుని ఉంది. రాయి ఆమె ముఖానికి ఎదురుగా ఉంది. కుడిచెయ్యి సరిగ్గా అక్షరాల మీద ఉంది. నల్లబడ్డ వేలు గాడిలో దిగి, 'పో' దగ్గర మొదలై, 'డు' దగ్గర ఆగి, మళ్ళీ మొదటికి వస్తోంది. ఆ అయిదక్షరాలూ ఆమె పైకే చదువుతోంది. ఎన్నిసార్లు చదివిందో నేను లెక్కపెట్టలేదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అది దాచుకోవలసిన పని లేదు, అక్కడ చూసేవాళ్ళెవరూ లేరు.

అడుగుల చప్పుడు విని తల ఎత్తింది. "బాబూ, మీరేనా?" అంది. నేనేనమ్మా అన్నాను.

"పెద్ద సప్పుడైనాది. పైనున్నోళ్ళకి దెబ్బలేటీ తగల్నేదు గదా?" అంది.

వేళాకోళం కాదు. ఆమె నిజంగానే అడిగింది. ఆమె తమ్ముడు కూడా ఆ మంచుకొండ మీద అందరికంటే ముందు ఇదే అడిగి ఉంటాడు. ఎవరికీ ఏమీ కాలేదమ్మా, అంతా క్షేమమే అని చెప్పాను. ఆమె మళ్ళీ వేలు మొదటి అక్షరం మీద పెట్టింది.

నష్టాల నివేదికలో గడులన్నీ నేనే నింపాను. దెబ్బతిన్న పేర్లు, నూట పదకొండు. మిగిలి ఉన్న పేర్లు, ఒకటి. మిగిలినవాటిలో ప్రోటోకాల్ ఉల్లంఘన ఏమైనా ఉన్నదా? లేదు. ప్రస్తుతం శిల మీద అమరుడు ప్రథమ స్థానంలో ఉన్నాడు.

భుజంగరావు గారు ఊరుకోలేదు. కరెంటు తీగలు ఎలాగూ తుఫానుకి తెగిపోయాయి కాబట్టి ఈసారి ముప్ఫై రెండడుగుల రాయి నిలపాలని, పాత మొండెం పెకలించి పారేయాలని ప్రతిపాదన తయారుచేసి, నూట నలభై ఆరు పేర్ల జాబితా జతపరిచి, ప్రాధాన్యక్రమం పరిశీలన నిమిత్తం నాకే పంపారు. అది నా బీరువాలో ఉంది. పంతొమ్మిదేళ్ళ ఫైళ్ళన్నిటికీ కింద, అట్టడుగు అరలో, బస్టాండు మరుగుదొడ్ల ఫైలు కంటే కూడా కింద ఉంది.

ఏమైందని ఆయన వారానికోసారి అడుగుతారు. నేను లేచి నిలబడి, చేతులు కట్టుకుని, దాని వరుస ఇంకా రాలేదండీ అని చెబుతాను. నా రిటైర్మెంటుకు ఇంకా ఆరేళ్ళుంది.